ఉండుండు, అమ్మణీ

అమ్మను పడుకోబెట్టిన అద్దాల ఫ్రీజర్ పెట్టె పొద్దున్నుంచీ ఒకే తీరున గుంయ్‌మంటోంది. అది ఏ శ్రుతో నా చెవి అప్పుడే తేల్చేసింది. ఒకటిన్నర, కొంచెం దిగుడు. ఛీ, ఏం చెవి ఇది. కన్నతల్లి తల దగ్గర కూర్చుని మోటారు శ్రుతి చూసుకునే ఈ చెవిని కోసి వీధిలో వేస్తే కుక్క కూడా ముట్టదు. అంతటితో ఆగిందా, ఆ శ్రుతి మీద బుర్ర ఒక పల్లవి కూడా ఎత్తుకుంది, చల్లని పెట్టెలో వెచ్చని తల్లి అని, తమిళంలో, యతీ ప్రాసా రెండూ కుదిరి. ముప్పై ఐదేళ్ళుగా సినిమాలకు పాటలు రాసీ రాసీ ఈ బుర్ర ఇలా తయారయింది, దాని ముందు ఏది పడేసినా పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. అమ్మ తెల్లవారుతూనే పోయింది, ఎనభై ఆరేళ్ళు, నిద్రలోనే, కోయంబత్తూరు సింగానల్లూరులో అన్న వెంకటసామి ఇంట్లో. నాలుగింటికి తీయాలన్నారు. ఇప్పుడు మూడు. ఈ గంట నేను కూర్చున్నది పొల్లాచ్చి నుంచి కారులో వస్తున్న పాపమ్మాళ్ అత్త కోసం. నాన్న చెల్లెలు, ఎనభై దాటిన మనిషి. ఆమె వస్తే గాని అమ్మను ఎత్తకూడదు. ఆమె వచ్చి నోరు విప్పుతుందా, విప్పితే చిన్నప్పుడే పోయిన నా చెల్లెలి వంతు వచ్చినప్పుడు ఏం చేస్తుంది, పొద్దున్నుంచీ నాకు ఇదొక్కటే ప్రశ్న. కాఫీ రెండుసార్లు ఇచ్చారు, రెండుసార్లూ కాగితం కప్పు కుర్చీ కింద పెట్టేశాను, ఇప్పుడు వాటిలో చీమలు తేలుతున్నాయి.

సినిమా కవి తల్లి పోయిందంటే వచ్చేవాళ్ళకు కొదవేముంది. దండలు, దండల మీద దండలు, గులాబీ రేకుల మధ్య మెరుపు కాగితాలు, వేసినవాళ్ళ పేర్లు అచ్చేసిన రిబ్బన్లు అమ్మ ముఖానికి అడ్డంగా. ఎవరో ఒక పెద్దమనిషి రిబ్బను సరిచేశాడు, తన పేరు కనిపించేటట్టు. పెట్టెకు దండం పెట్టి నా వైపు తిరిగి, సార్ ఒక్క ఫోటో, అని మెల్లగా అడిగినవాళ్ళు ఏడుగురు. ఏడుగురి పక్కనా నిలబడ్డాను. లోకల్ ఛానల్ కుర్రాడు మైకు పట్టుకుని అమ్మ గురించి రెండు మాటలు చెప్పమంటే చెప్పాను కూడా, మధ్యలో ఆగి, గొంతు సవరించుకుని, ఎక్కడ ఆగితే బావుంటుందో అక్కడే ఆగి. కన్నీళ్ళు పొద్దున ఆరింటికి ఫోనులో కబురు విన్నప్పుడు రాలేదు, కెమెరా లైటు వెలిగాక వచ్చాయి. మీసానికి వేసిన నల్లరంగు చెమటకు కరిగి పెదవి మీదికి దిగుతోంది, నాలుక తగిలితే చేదు. ఇంకాసేపటికి మంగలి వచ్చి ఈ మీసం గీసేస్తాడు, పీడా పోతుంది. ఆ నున్నటి మూతి ఫోటోలో ఎలా ఉంటుందని నేను అప్పుడే ఒకసారి అనుకున్నాను. అవును, అనుకున్నాను.

అన్న కొడుకు శరత్‌కుమార్ వచ్చి చెవి దగ్గర వంగాడు. మంచివాడు, పొద్దున్నుంచీ వాడే అన్నీ చూస్తున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "చిత్తప్పా, మదురై పక్కనుంచి డప్పుల మేళం వచ్చేసె. వాడిపట్టి మేళం. అవ్వ పుట్టినూరు దాని పక్కదే దానే, అందుకే చెప్పి పిలిపించితిని. తీసేటప్పుడు మన ఉండుండు వాయించమంటిని. అవ్వ గ్రాండుగా పోవాల." చిన్నాన్నను వాడు తమిళంలోనే పిలుస్తాడు, మిగతాది మా ఇంటి తెలుగు. వద్దురా అని నేను అప్పుడే అనాలి. ఆ పాట తప్ప లోకంలో ఏ పాటైనా వాయించమను అనాలి. అనలేదు, "సరే కణ్ణు" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలుసు. వీధి నిండా జనం, ముందు మేళం, నా పాట, పాడె మోస్తూ నేను, పైనుంచి ఎవరో ఫోనులో తీస్తున్నట్టు ఒక్క క్షణం నాకు బొమ్మ కనిపించింది. ఆ బొమ్మ బాగుంది. అది బాగుందనిపించిన ఆ క్షణాన్ని ఎక్కడ కక్కను.

మా వాళ్ళకు పుస్తకాలు లేవు. ఏ కాలంలోనో ఉత్తరాన్నుంచి నడిచొచ్చి కొందరు ఈ కోయంబత్తూరు రేగడిలో, కొందరు మదురై పక్క ఎర్రమట్టిలో దిగబడినవాళ్ళం. తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. నేను చదవలేను, రాయలేను, నా బడి తమిళం, శరత్‌కుమార్ బడి ఇంగ్లీషు. ఆ అక్షరాలు లేని తెలుగులో మా ఇంటి ఆడవాళ్ళు దాచుకున్నది ఒక్కటే, వరుస. ఇంట్లో ఒకరు పోతే, వాళ్ళను అందరికంటే ఎక్కువ ప్రేమించిన మనిషి వాళ్ళ పేరు పెట్టి ఒక్క మాట కడుతుంది, ఒక్క పిలుపుకు పట్టేంత. తర్వాత ఆ ఇంట్లో ఎవరు పోయినా, ఎత్తే ముందు, పెద్ద ఆడమనిషి తల దగ్గర కూర్చుని పాతవాళ్ళతో మొదలుపెట్టి అందరి మాటలూ ఒక్కొక్కటిగా పాడుతుంది. అక్కడ ఎవరెవరు ఉన్నారో పోయేవాళ్ళకు గుర్తు చేయడానికి. ఎవరి మాట తప్పిపోతే వాళ్ళు అక్కడ ఎదురు రారని అమ్మ గట్టిగా నమ్మింది. మొదటి మాట చెన్నమ్మది, నెత్తిన మూటతో ఏరు దాటి ఈ దేశానికి వచ్చిన ఆవిడ, 'ఏరు దాటితివి చెన్నమ్మా, మూట దించుకో'. ఆ తర్వాత బావి తవ్వుతూ మట్టి కూలి లోపలే ఉండిపోయిన నాగప్ప, 'నీళ్ళు పడె నాగప్పా, పైకి రా'. నాన్నది అమ్మ కట్టింది, ఆయన నలభై ఏళ్ళు మిల్లు సైరను కూతకు లేచిన మనిషి, మా ఊళ్ళో దాన్ని సంగు అంటారు, 'సంగు ఊదె రామసామీ, నువ్వు పడుకో'. ఇంత చిన్న మాటల్లో ఒక్కొక్క మనిషి మొత్తం కూర్చుని ఉంటాడు. నేను పదకొండు వందల పాటలు రాశాను, ఒక్క దాంట్లోనూ ఒక్క మనిషి లేడు.

నాన్నకు ముందు అమ్మణి. నా చెల్లెలు, ఆరేళ్ళది. పేరు రుక్మిణి, ఈ వైపు ఆడపిల్లనెవర్నైనా అమ్మణీ అంటారు గాని మా ఇంట్లో ఆ పిలుపు దానికొక్కదానికే అతుక్కుపోయింది. జ్వరం నాలుగు రోజులు దిగలేదు, మిల్లు వాళ్ళ వ్యాను అడిగి తెచ్చాడు నాన్న, పెద్దాసుపత్రికి. నాకు తొమ్మిదేళ్ళు, నీళ్ళ చెంబు పట్టుకోవడానికి నన్నూ ఎక్కించారు. అమ్మణి నాన్న ఒళ్ళో ఉండి, చెప్పులు, అంది. తిరునాళ్ళలో కొన్న కొత్త చెప్పులు, ఎర్రవి, పెరిగే కాళ్ళని అమ్మ రెండు సైజులు పెద్దవి కొంది, ఇంకా తొడగనేలేదు. అమ్మ అవి తేవడానికి లోపలికి వెళ్ళింది. డ్రైవరుకు ఏం తెలుసు, వ్యాను కదిలించాడు. వెనక అద్దంలోంచి నేను చూశాను, అమ్మ గడప దాటింది, రెండు చేతుల్లో రెండు చెప్పులు, కొప్పు ఊడిపోయింది, పరుగు, 'ఉండుండు అమ్మణీ, ఉత్తకాళ్ళ పోకే, వస్తి నేను', ఒకటే కేక, మళ్ళీ మళ్ళీ అదే కేక, దుమ్ములో. నేనేం చేశాను? అది నా మొదటి వ్యాను ప్రయాణం. అమ్మ అలా పరుగెత్తడం ఎన్నడూ చూడలేదు, నవ్వొచ్చింది. టాటా చెప్పాను. డ్రైవరన్నా ఆపు అని ఒక్క మాట అంటే ఆపేవాడేమో, నేను చేయి ఊపుతున్నాను. అమ్మణి మర్నాడు తెల్లగుడ్డలో వచ్చింది, కాళ్ళు బయటికి ఉన్నాయి, వాటికి చెప్పులు లేవు.

ఆ కేకే మాట అయింది. కట్టాల్సిన పని లేకపోయింది అమ్మకు. కాని పరుగెత్తిన ఆ మాటను అమ్మ పాడేటప్పుడు నడిపించేది. ఉండుండు అని ఆగేది, ఎవరైనా ఆగారా లేదా అని చూస్తున్నంతసేపు ఆగేది, చాలాసేపటికి అమ్మణీ అనేది, ఆ చివరి దీర్ఘం కిందికి జారి ఎక్కడికో వెళ్ళి ఇంకో స్వరం మీద నిలబడేది, అది ఏ స్వరం? ప్రతి ఏడూ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అమ్మణి పోయిన రోజున వెనక పెరట్లో రుబ్బురోలు పక్కన దీపం పెట్టి, ఆ ఎర్ర చెప్పులు కడిగి ముందు పెట్టుకుని, ఒక్కసారి పాడేది. ఒక్కసారే, రెండోసారి లేదు. మేము ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గరే నిలబడేవాళ్ళం, అన్న తల దించుకుని, నేను లెక్క వేసుకుంటూ, ఎన్ని మాత్రలు ఆగింది, ఎక్కడ ఊపిరి పీల్చింది. అప్పటికే నేను కవిని, అప్పటికే వెధవను.

మద్రాసు వెళ్ళాక నా పేరు అప్పసామి కాదు. నొయ్యల్ మైందన్. నొయ్యల్ నది కన్న కొడుకట. ఆ నదిలో ఇప్పుడు పారేది రంగుల కంపెనీల మురుగు, ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు, తెలియకుండానే పేరు సరిగ్గా పెట్టుకున్నాను. బడిలో నన్ను తెలుగువాణ్ణని గొల్టి, గొల్టి అని ఏడిపించేవాళ్ళు, మద్రాసులో ఆ మాట ఒక్కరి నోటా రానివ్వకూడదని పట్టుదల. అమ్మ ఫోన్ చేస్తే నలుగురి ముందు తమిళంలో జవాబిచ్చేవాణ్ణి. అటువైపు అమ్మ కూడా తనకొచ్చిన వచ్చీరాని తమిళంలో, తిన్నావా, బాగున్నావా, అని, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. అవార్డు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి, నా తల్లి పాలతో పాటే నాకు తమిళం తాగించింది, అన్నాను. చప్పట్లు. తల్లి ముందు వరుసలోనే ఉంది, పట్టుచీరలో, చప్పట్లు కొడుతోంది. రైలులో ఇంటికి వచ్చేటప్పుడు, "నేను యాడ తాగించితిని సామీ, నాకే రాదే," అంది, నవ్వుతూ అంది. కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఎంత బావుండేది.

ఆ తర్వాత మేట్టుపాళయం బంగళా. కొండ కింద, వక్క తోటల మధ్య, సంగీత దర్శకుడు ఇళంగో మూడు రోజులకు తీసుకున్నాడు, ఒక్క పాట కోసం, హీరో నలభైమందితో డాన్సు చేసే పాట. ట్యూను తయారు, దానికి మాట పడటం లేదు. రెండు రోజులు నేను ఏది రాసినా ఇళంగో పెదవి విరుస్తున్నాడు. మా పనిలో ఒక అలవాటు ఉంది, సరైన మాట దొరికేదాకా తాళం తప్పకుండా ఏదో ఒక ఉత్తుత్తి మాట పెట్టి పాడుతూ ఉంటాం, డమ్మీ అంటాం, తర్వాత తీసేస్తాం. నేను డమ్మీలు ఎప్పుడూ తెలుగులో వేసేవాణ్ణి. ఎవరికీ అర్థం కావు, ఎవరూ దొంగిలించరు, ఇంటి చెత్త వీధిలో పోసినట్టు నాకు సులువు. ఆ రోజు ఆ తాళానికి నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది, ఉండుండు అమ్మణీ, ఉండుండు అమ్మణీ, వస్తి వస్తి వస్తి నేను. వేగంగా. అమ్మ నడిపించినదాన్ని నేను మళ్ళీ పరుగెత్తించాను. ఇళంగో డోలు పక్కనపెట్టి లేచి నిలబడ్డాడు, ఏమిటది, మళ్ళీ పాడు, ఏ భాష అది, ఏమిటర్థం? నాకు ఒక క్షణం టైము ఉంది. కిటికీలోంచి కొండరైలు కూత వినిపిస్తోంది, నాకు బాగా గుర్తుంది, ఒక క్షణం కంటే ఎక్కువే ఉంది టైము. నేనన్నాను, అది భాషే కాదు సార్, మాటే కాదు, ఉత్త సద్దు, డప్పు సద్దు.

ఉత్త సద్దు అన్నాను. దుమ్ములో చెప్పులు పట్టుకుని పరుగెత్తిన మనిషి కేకను.

ఆరేళ్ళయింది. ఆ సద్దు మోగని ఊరు లేదు. పెళ్ళిళ్ళలో, గుడి పండగల్లో, టౌన్ బస్సుల్లో, ఓట్లడిగే ఆటోల్లో, ఉండుండు ఉండుండు. సినిమాలో ఆ మాటకు హీరో నడుము ఊపి అమ్మాయి కొంగు పట్టుకుంటాడు. మా కులసంఘం వాళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పారు, మన ఇంటి మాటను సినిమాకెక్కించావని, వాళ్ళకు ఉండుండు అంటే తెలుసు గదా. అది ఎవరి మాటో శరత్‌కుమార్ ఈడు పిల్లలకు తెలియదు, తెలిసినవాళ్ళు అమ్మ, అన్న, అత్త, ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు. ఒక్కరూ నోరెత్తలేదు. పెద్దవాణ్ణయిపోయాను గదా. అమ్మ ఆ పాట మొదట విన్నది శరత్‌కుమార్ పెళ్ళిలో, పొల్లాచ్చి మండపంలో. పిల్లలంతా, చిన్నతాత పాట్టు, రా అవ్వా, అని అమ్మను చేయి పట్టి మధ్యలోకి లాగారు. డీజే పెట్టెల్లోంచి నా మాటలు గుండెల మీద కొట్టినట్టు వస్తున్నాయి, అమ్మ ఆ గుంపు మధ్య నిలబడి ఉంది, చేతులు పిల్లల చేతుల్లో ఊగుతున్నాయి. నేను వేదిక పక్కనుంచి చూస్తున్నాను, మళ్ళీ అద్దంలోంచి చూస్తున్నట్టే. కారులో తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కొబ్బరితోటలే చూస్తూ కూర్చుంది. తర్వాత, "అప్పసామీ, ఆడ ఆటాడినోళ్ళకు అమ్మణి యారని తెలుసునా?" అంది. "లేదుమ్మా, అది ఉత్త ట్యూనుమ్మా," అన్నాను. "సరి సరి. తెలియకుంటే మంచిది," అంది. ఆ ఏడు ఆడి నెలలో దీపం పెట్టింది, చెప్పులు కడిగి పెట్టుకుంది, నోరు తెరవలేదు. గోడ అవతల ఎవరింట్లోనో అదే పాట మోగుతుండటం వల్ల అనుకున్నాను. మరుసటి ఏడు మోగలేదు. అప్పుడూ పాడలేదు. నేను అడగలేదు, నాకు ఎప్పుడూ రికార్డింగే.

అన్న వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. అరవై ఏడేళ్ళు, పంపుసెట్ల వర్క్‌షాపులో వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న నలుపు ఇవాళ కూడా పోలేదు. ఇప్పుడు పెట్టె వైపే చూస్తూ, "నిన్న సాయంత్రం అన్నం తినిపించేటప్పుడు అమ్మ ఒకటి అడిగె. వరసలో అమ్మణిని విడిచిపెట్టరు గదా, అని," అన్నాడు. "నీవేమంటివి?" అన్నాను. "విడిచిపెట్టరు, అత్త వస్తాది, అంటిని." అంతే, లేచి వెళ్ళిపోయాడు. అంటే అమ్మ ఆరేళ్ళు ఈ ఒక్కదానికే భయపడుతూ బతికింది. నాకు శాలువాలు కప్పుతున్నప్పుడు, నేను ఛానళ్ళలో కూర్చుని ఆ మాట నాకు డప్పు సద్దులోంచి పుట్టిందని చెబుతున్నప్పుడు, అమ్మ ఆ వెనక గదిలో మంచం మీద పడుకుని, అక్కడికి వెళ్తే పిల్ల ఎదురు వస్తుందా రాదా అని. నా ఒంటి మీద చొక్కా నాకే కంపు కొడుతోంది, అత్తరు చల్లిన కంపు, లేచి పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద తల పెట్టాలనుంది, తల్లి పక్కనుంచి లేచాడంటారని కూర్చున్నాను. చూశావా, ఇప్పుడు కూడా అంటారని.

కారు వచ్చింది. గుంపు రెండుగా చీలింది. పాపమ్మాళ్ అత్త కర్రతో, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా వచ్చింది. పెట్టె అద్దం మీద అరచేయి పెట్టింది, చల్లదనానికి వెంటనే తీసేసింది. "మూత తీయండ్రా. ఇట్ల మూసిపెడితే యేమి వినిపిస్తాది దానికి? ఆ మిషను సద్దు ఆపు." శరత్‌కుమార్ స్విచ్చి తీశాడు. పొద్దున్నుంచీ నా చెవిలో ఉన్న శ్రుతి ఒక్కసారిగా పోయింది, ఇల్లు లోతుగా అయిపోయింది. మూత ఎత్తారు, దండలన్నీ అత్త తనే లాగి పక్కన పడేసింది, రిబ్బన్లతో సహా. అమ్మ ముఖం మొదటిసారి పూర్తిగా కనిపించింది, చిన్నది, నుదుట బిళ్ళంత పసుపు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. తలుపు దగ్గర పిల్లలు, చేతుల్లో ఫోన్లు. బయట గేటు దగ్గర మేళంవాళ్ళు డప్పులు కాచుకుంటున్న పొగ వాసన లోపలిదాకా వస్తోంది.

అత్త కళ్ళు మూసుకుంది. ఆ గొంతు ముసలిది, పగిలింది, కాని దారి తప్పలేదు. 'ఏరు దాటితివి చెన్నమ్మా, మూట దించుకో.' ఆడవాళ్ళు ఆఁ అని పట్టుకున్నారు. 'నీళ్ళు పడె నాగప్పా, పైకి రా.' ఆఁ. ఆ తర్వాత నేను పేర్లు కూడా మరిచిపోయిన ముగ్గురు, ఒకామె కంది చేలో పాము కరిచి పోయింది, ఒకాయన కాశీకి పోతానని పోయి రాలేదు, ఒక పసిబిడ్డకు పేరే లేదు, దానికి కూడా మాట ఉంది. ఇవి నాకు తెలుసు, ఇవన్నీ నాలోపల ఉన్నాయి, వీటిని పక్కకు నెట్టి నేను ఏం రాశాను ఇన్నేళ్ళూ. ఇక వచ్చేది అమ్మణి.

అత్త ఆగింది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"అప్పసామీ. ఇది నువ్వు చెప్పు."

"అత్తా, ఆడోళ్ళు దానే చెప్పాల."

"నాకు రాలేదు రా." కోపంగా అనలేదు, ఏదో వస్తువు కనపడలేదన్నట్టు అంది. "కిణత్తుకడవు ఊరు దాటేదాకా తలచుకుంటా వచ్చితిని. మాట ఉండాది, రాగం లేదు. నోరు తెరిస్తే నీ ఆటపాట్టే వస్తాది. పోయిన నెల వచ్చినప్పుడు మీ అమ్మనే అడిగితిని, ఎట్ల పాడుతువు వదినా, ఒకసారి చెప్పు, అని. ఆమె, నాకూ పోయె పాపా, అనె. ఆరేండ్లుగా వెతుకుతా ఉండాను, దొరకలేదు, అనె."

అంటే అమ్మ పాడకపోవడం అలిగి కాదు. పెరట్లో దీపం ముందు కూర్చుని, చెప్పులు ముందు పెట్టుకుని, అమ్మ నోట్లో వెతుక్కుంటూ ఉంది, దొరికింది నాది. కూతురి కోసం నోరు తెరిస్తే హీరో నడుము కనిపించి నోరు మూసుకుంది. నేను దాన్ని వాడుకున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను, తుడిచేశానని తెలియదు.

అందరూ నన్నే చూస్తున్నారు. అన్న గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నాకు తెలిసి ఉండాలి, మాత్రలు లెక్కపెట్టినవాణ్ణి నేనే గదా, గుమ్మం దగ్గర నిలబడి, ఏటేటా. ఉండుండు అని ఆగేది. అక్కడిదాకా ఉంది. ఎంతసేపు ఆగేది? ఆ దీర్ఘం ఎటు జారేది, కిందికి, కిందికి జారి, ఏ స్వరం మీద? పదకొండు వందల పాటల శ్రుతులూ తెలుసు, ఫ్రీజర్ పెట్టె శ్రుతి తెలుసు. అమ్మ ముఖం మీదికి వంగాను. దగ్గరగా, చెవి దగ్గరగా. ఉత్త మాటగా చెప్పినా చాలేమో, రాగం లేకుండా, పిలిచినట్టు, అమ్మణీ ఉండవే, అమ్మ వస్తోంది, అని. అలా చెబుదామనే, దేవుడి మీద ఒట్టు, అలా చెబుదామనే నోరు తెరిచాను.

"ఉండుండు అమ్మణీ..."

వేగంగా వచ్చింది. స్టేజీల మీద వెయ్యిసార్లు పాడిన గొంతు, దానికి ఒక్కటే దారి తెలుసు. 'అమ్మణీ' మీద ఆ విరుపుతో, ఆ ఊపుతో, నాభి దగ్గర్నుంచి, గేటు దాకా వినిపించేంత గట్టిగా. తలుపు దగ్గర ఎవరో పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది, ఫోన్లు పైకి లేచాయి. అత్త తల దించుకుంది. నేను ఆగిపోయాను, ఆగాను, కాని బయట వాడిపట్టి మేళంవాళ్ళు పొద్దున్నుంచీ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నారు, పాపం వాళ్ళకేం తెలుసు. సరిగ్గా సమం మీద, తాళం మొదటి దెబ్బకే అందుకున్నారు. అరక్షణం కూడా తప్పలేదు. ఇరవై డప్పులు ఒక్కసారి, ఉండుండు ఉండుండు ఉండుండు, కిటికీ అద్దాలు అదిరాయి, శరత్‌కుమార్ ఏడుస్తూ, ఎత్తండి, ఎత్తండి, నేరమాచ్చు, టైమయిపోయె, అని అరిచాడు. నాన్న మాట చెప్పనేలేదు ఇంకా. ఎవరికి వినిపిస్తుంది. అత్త పెదవులు కదులుతున్నాయి, సంగు, రామసామి, ఏదో అంటోంది, ఆ గోలలో ఆమెకే వినపడి ఉండదు. నలుగురు వంగి అమ్మను ఎత్తారు, అమ్మ పాదాలు గుడ్డలోంచి బయటికి వచ్చాయి, పచ్చగా, ఉత్తవి. అన్న పరుగున వెళ్ళి వాటి మీద గుడ్డ కప్పాడు. వీధిలో అప్పుడే ఎవరో ఈల వేశారు. నన్ను ముందుకు రమ్మంటున్నారు, తల్లికి చిన్నకొడుకే ముందు నడవాలి, నిప్పుకుండ పట్టుకోవాలి. తల పైకి ఎత్తలేక నేలవైపు చూశాను. చెప్పులు లేని నా కుడికాలు, నేను చెప్పకుండానే, తాళం వేస్తోంది.